మూయడానికీ డబ్బు కావాలి

చెన్నైలో అంబత్తూరు ఎస్టేట్‌లోనో తిరుముడివాక్కంలోనో ఒక ఫ్యాక్టరీ షెడ్డుకు తాళం పడిందంటే ఆ కంపెనీ మూతపడినట్టు కాదు. మిషన్లు ఆగాయి, అంతే. జీఎస్టీ నంబరు బతికే ఉంటుంది, రిటర్న్ ఏదని అడుగుతూనే ఉంటుంది. నుంగంబాక్కం శాస్త్రి భవన్‌లోని కంపెనీల రిజిస్ట్రార్ పద్దుల్లో కంపెనీ పేరూ బతికే ఉంటుంది. ఏటా దాఖలు చేయాల్సిన ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పేరుకుంటూ పోతుంది. పీఎఫ్ కోడు, ఈఎస్ఐ కోడు, ఈబీ (కరెంటు) కనెక్షను, బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా, సంతకం చేసి ఇచ్చిన చెక్కులు, అన్నీ యజమాని పేరు పట్టుకుని తిరుగుతుంటాయి. చెన్నైలో మన తెలుగువాళ్లు నడిపే లేత్ షెడ్లు, మోల్డింగ్ యూనిట్లు, ప్యారిస్ కార్నర్ వైపు హోల్‌సేల్ కొట్లు, పదిమంది పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఆగిపోవడం చూస్తుంటాం గానీ, పద్ధతిగా మూయడం అరుదుగా చూస్తాం.

నేను చెప్పదలచుకున్నది ఇది: వ్యాపారం మూయడానికి డబ్బు కావాలి, ఆ డబ్బు చేతిలో ఉన్నప్పుడే మూయాలి. "ఇంకో ఆర్నెల్లు చూద్దాం" అనుకునే ఆ ఆర్నెల్లలోనే కంపెనీ అప్పు ఇంటి అప్పుగా మారిపోతుంది. మొదటి నాలుగేళ్లలో పోగొట్టుకున్నదానికంటే చివరి ఏడాదిలో పోగొట్టుకునేదే ఎక్కువ.

ఊహించిన లెక్క ఒకటి వేద్దాం. అంబత్తూరులో ఒక ప్రైవేట్ లిమిటెడ్. రెండు సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) టర్నింగ్ మిషన్లు, తొమ్మిదిమంది పనివాళ్లు. పెద్ద కస్టమరు ఆర్డర్లు సగానికి తగ్గించాడు, నెలకు 2.2 లక్షలు చేతినుంచి పడుతోంది. ఇవాళే మూద్దామనుకుని మూడు నెలలు నిదానంగా అమ్ముకుంటే మిషన్లకు 18 లక్షలు, మిగతా పనిముట్లకు 4, సరుకూ స్క్రాపూ కలిపి 2, రావలసిన 22 లక్షల బాకీల్లో 17, షెడ్డు అడ్వాన్సు 5. మొత్తం 46 లక్షలు. ఇవ్వాల్సింది బ్యాంకుకు 38, సప్లయర్లకు 9, జీఎస్టీ, పీఎఫ్ బకాయిలు 1.5, పనివాళ్ల లెక్క తేల్చడానికి 4. మొత్తం 52.5. లోటు 6.5 లక్షలు. కష్టమే, కానీ ఒక కుటుంబం తట్టుకోగలిగిన కష్టం.

అదే మనిషి ఏడాది నెట్టుకొచ్చాడనుకోండి. 26.4 లక్షల నష్టం ఎక్కడినుంచో పూడాలి కదా. ఇంట్లో బంగారం మీద 8 లక్షలు, మూడు రూపాయల వడ్డీకి చేబదుళ్లు 10, జీఎస్టీ, పీఎఫ్ కట్టకుండా వాడుకున్నది 5, సప్లయర్ల దగ్గర పెరిగిన బాకీ 3.4. చివరికొచ్చేసరికి వడ్డీ కట్టలేక బ్యాంకు బాకీ 41కి చేరింది, పనివాళ్లకు ఇవ్వాల్సింది 4.6 అయింది. మొత్తం 82.5 లక్షలు. అటువైపు చూస్తే, బ్యాంకు వేలంలో మిషన్లకు 11, ముసలి బాకీల్లో వసూలయ్యేది 9, పనిముట్లకూ స్క్రాపుకూ కలిపి 3. షెడ్డు అడ్వాన్సు అద్దె బాకీకి చెల్లు. వచ్చేది 23 లక్షలు. లోటు 59.5.

6.5 కాస్తా 59.5 అయింది. బంగారం, చేబదుళ్లు కలిపి 18 లక్షలు అసలు కంపెనీకి సంబంధం లేని డబ్బు. ఏడాది అద్దెకీ జీతాలకీ వడ్డీకీ కరిగిపోయింది. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. ఏ జాబ్‌వర్కు రేటులోనూ అంత మిగులు లేదు. ఇక చెన్నైలో మీటర్ వడ్డీ, కందు వడ్డీ అని పిలిచే వాటి జోలికి వెళ్లినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అధిక వడ్డీని నిషేధిస్తూ తమిళనాడులో 2003 నుంచే చట్టం ఉంది. సాయంత్రం ఇంటి గుమ్మంలో కూర్చునే మనిషికి ఆ సంగతి పట్టదు.

నెట్టుకొచ్చి గట్టెక్కినవాళ్లు లేరా అంటే ఉన్నారు. అయితే కస్టమరు ఆలస్యంగా ఇవ్వడం వేరు, కస్టమరే లేకపోవడం వేరు. 2014 నవంబరులో శ్రీపెరుంబుదూరు నోకియా ప్లాంటు ఆగినప్పుడు, 2021 సెప్టెంబరులో ఫోర్డ్ మరైమలైనగర్‌లో ఉత్పత్తి ఆపేస్తామని ప్రకటించినప్పుడు, వాళ్ల కొలతలకే టూలింగ్ చేయించుకున్న చిన్న యూనిట్లకు ఎదురుచూడటం వల్ల వచ్చేదేమీ లేదు. ఆలస్యమే జబ్బయితే మందుంది. చిన్న సంస్థల కోసం ఉన్న ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం 45 రోజులు దాటితే, రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ లెక్కన కొనుగోలుదారు ఇవ్వాలి. ఈ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో వెళ్లవచ్చు. కౌన్సిల్ ఇచ్చిన అవార్డు (తీర్పు) మీద కొనుగోలుదారు కోర్టుకు ఎక్కాలంటే 75 శాతం ముందు డిపాజిట్ కట్టాలి. దీనికి సరుకు ఇచ్చే నాటికే ఉద్యం నమోదు, అంటే చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు, ఉండాలి. తర్వాత తీసుకున్న నమోదు పాత బిల్లులకు వర్తించదనే వాదన తప్పకుండా ఎదురవుతుంది. ఇంకోటి, కొని అమ్మే వర్తకులకు ఉద్యం సర్టిఫికెట్ ఇచ్చేది బ్యాంకు అప్పుల కోసమే. ఈ ఆలస్య వడ్డీ హక్కు వాళ్లకు రాదు. ప్యారిస్ కొట్లలో చాలామందికి ఈ తేడా తెలియదు.

రెండింటిలో మీ కేసు ఏదో తేల్చుకోవడానికి 13 వారాల కాగితం ఒకటి చాలు. వారానికో గడి. చేతికి కచ్చితంగా వచ్చే డబ్బు ఒకవైపు, తప్పించుకోలేని ఖర్చు రెండోవైపు. పీఓ (రాతపూర్వక కొనుగోలు పత్రం) చేతికి రాని ఆర్డరును రాయకూడదు. 90 రోజులు దాటిన బాకీని సగానికే రాయాలి. అలా రాసినా ఆరో వారంలోనే నిల్వ సున్నా కిందికి పోయి, మళ్లీ పైకి లేవకపోతే, అది ఆలస్యం కాదు. అప్పుడు చేయాల్సింది కొత్త అప్పు వేట కాదు.

గుమ్మం దాటి వచ్చే అప్పులు

ప్రైవేట్ లిమిటెడ్ కదా, కంపెనీ అప్పు కంపెనీదే అనుకునేవాళ్లు బ్యాంకు అప్పు మంజూరు చేస్తూ ఇచ్చిన శాంక్షన్ లెటర్ చివరి పేజీలు చదవాలి. డైరెక్టర్ల పర్సనల్ గ్యారంటీ లేకుండా చిన్న కంపెనీకి బ్యాంకు అప్పు ఇవ్వడం దాదాపు లేదు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం పూచీదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. ముందు కంపెనీ ఆస్తులు అమ్మి, మిగిలితేనే నా దగ్గరికి రండి అనే హక్కు పూచీదారుకు లేదు. కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలై వసూళ్లకు విరామం వచ్చినా ఆ విరామం గ్యారంటీదారుకు వర్తించదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది, చట్టాన్నీ అలాగే సవరించారు. సీజీటీఎంఎస్ఈ (చిన్న సంస్థల అప్పులకు హామీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ కింద తీసుకున్నాం, ప్రభుత్వమే కట్టేస్తుంది అనేది ఇంకో అపోహ. ఆ ట్రస్టు చెల్లించేది బ్యాంకు నష్టానికి. మీ బాకీ అలాగే ఉంటుంది, బ్యాంకు వసూలు కొనసాగిస్తుంది.

భార్యనో బావమరిదినో పేరుకు డైరెక్టర్‌గా పెట్టడం మన కుటుంబాల్లో మామూలు. ఆ పేరుతోపాటు గ్యారంటీ సంతకం కూడా పడుతుందని ఆ రోజు ఎవరూ గుర్తుచేయరు. తర్వాత రాజీనామా చేసినా, రాజీనామా నాటికి ఉన్న గ్యారంటీ పోదు. బ్యాంకు రాతపూర్వకంగా విడుదల చేస్తేనే పోతుంది.

చెక్కుల విషయం ఇంకా పదునైనది. చెక్కు తిరిగొచ్చినట్టు తెలిసిన 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక కట్టడానికి 15 రోజులు, ఆ తర్వాత నెలలోపు కేసు. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. కంపెనీ దివాలా విరామంలో ఉంటే కంపెనీ మీద 138వ సెక్షను (చెక్కు బౌన్సు) కేసు ఆగుతుంది గానీ సంతకం పెట్టిన డైరెక్టర్ మీద ఆగదు. 2021లో పి. మోహన్‌రాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందిదే. కాబట్టి మూసే ఆలోచన వచ్చిన రోజునే, బయట ఎవరెవరి దగ్గర ఎన్ని ఖాళీ చెక్కులు, ముందు తేదీ చెక్కులు ఉన్నాయో నంబర్లతో సహా జాబితా రాయండి. కొత్తవి ఇవ్వడం ఆపండి. చేబదులు ఇచ్చినవాడు కంపెనీ చెక్కు అడుగుతున్నాడంటే అతనికి ఈ సెక్షను బాగా తెలుసన్నమాట.

ఇక ప్రభుత్వ బాకీలు. పనివాడి జీతంలోంచి కోసుకున్న పీఎఫ్ కట్టకపోతే అది నమ్మకద్రోహం నేరం. అప్పు ఎగవేత కింద చూడరు. కట్టాల్సిన జీఎస్టీ కంపెనీ నుంచి రాకపోతే ప్రైవేట్ కంపెనీ డైరెక్టర్ల నుంచి వసూలు చేయవచ్చని సీజీఎస్టీ చట్టం 89వ సెక్షను. తన తీవ్ర నిర్లక్ష్యం వల్ల కాదని నిరూపించుకునే భారం డైరెక్టరుదే. ఆదాయపు పన్ను చట్టంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. డబ్బు బిగిసిపోయినప్పుడు అందరూ ముందు ఆపేది ఈ కట్టుబడులనే, ఎందుకంటే జీఎస్టీ ఆఫీసు ఫోను చేసి తిట్టదు, సప్లయరు తిడతాడు. ఆ క్రమం తలకిందులు. సప్లయరు బాకీకి మీరు సొంతంగా పూచీపడకపోతే, చెక్కు ఇవ్వకపోతే, అది కంపెనీ అప్పుగానే మిగులుతుంది. కోసుకున్న పీఎఫ్, టీడీఎస్, వసూలు చేసిన జీఎస్టీ అలా కంపెనీ అప్పుగా మిగలవు. సప్లయర్లకు ఎగ్గొట్టమని కాదు నా మాట. ఏది ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలిసి కట్టమంటున్నాను.

సొంతవాళ్లకు ముందు తీర్చేయడం ఇంకో ప్రమాదం. మూసేముందు బావగారి పది లక్షలు ఇచ్చేసి, మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దామనుకుంటారు. కంపెనీ దివాలా కోడు కిందికి వెళ్తే, వెనక్కి రెండేళ్లలో సంబంధీకులకు, ఏడాదిలో బయటివాళ్లకు ఇలా పక్షపాతంగా ఇచ్చిన సొమ్మును 43వ సెక్షను కింద రద్దు చేయించవచ్చు. బావగారు మళ్లీ ఆ పది లక్షలు వెనక్కి కట్టాలి. అప్పుడు చుట్టరికమూ పోతుంది.

బ్యాంకుతో మాట్లాడే వేళ

వాయిదా తప్పిన ఖాతాకు బ్యాంకు పెట్టే హెచ్చరిక మెట్లు ఇవి: 30 రోజుల దాకా ఎస్ఎంఏ-0, 60 దాకా ఎస్ఎంఏ-1, 90 దాకా ఎస్ఎంఏ-2. 90 దాటితే ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ. మేనేజరుతో మాట్లాడాల్సింది మొదటి రెండు మెట్ల మీద. చిన్న సంస్థల పునరుద్ధరణకు 2015లో కేంద్రం, 2016లో రిజర్వు బ్యాంకు తెచ్చిన ఏర్పాటు ఒకటుంది. 25 కోట్ల లోపు అప్పున్న ఎంఎస్ఎంఈ అర్జీ పెట్టుకుంటే బ్యాంకు కమిటీ చూసి, సరిదిద్దాలా, వాయిదాలు మార్చాలా, వసూలుకే వెళ్లాలా తేల్చాలి. ఇది బ్యాంకులు పాటించి తీరాల్సిందే అని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రో నిట్స్ కేసులో చెప్పింది. అదే తీర్పులో, మేము ఎంఎస్ఎంఈ అని పత్రాలతో సహా ఎన్‌పీఏ కాకముందే చెప్పుకోవాల్సిన బాధ్యత మీదే అని కూడా అంది. అంటే ఉద్యం సర్టిఫికెట్ జతచేసిన ఉత్తరం, శాఖలో అందినట్టు ముద్ర వేయించుకున్న నకలు. నోటి మాట లెక్కలోకి రాదు.

ఎన్‌పీఏ అయ్యాక, తాకట్టు ఆస్తిని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం 13(2) నోటీసు వస్తుంది, 60 రోజుల గడువుతో. దానికి అభ్యంతరాలు రాసి పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు తీరాక స్వాధీనం. దాని మీద 45 రోజుల్లో డీఆర్‌టీకి (బాకీల వసూలు ట్రిబ్యునల్‌కు) వెళ్లవచ్చు. కానీ డబ్బు కోణంలో ముఖ్యమైన సంగతి ఇది: 13(2) నోటీసు అందాక తాకట్టు ఆస్తిని మామూలు వ్యాపార క్రమంలో తప్ప బ్యాంకు లిఖిత అనుమతి లేకుండా అమ్మకూడదు. అంతకుముందైతే మిషను కొనేవాణ్ణి మీరే వెతికి, బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని, డబ్బు నేరుగా అప్పు ఖాతాలో పడేలా చేయవచ్చు. నడుస్తున్న మిషనుకు, ట్రయల్ చూపించగలిగిన మిషనుకు ఒక ధర. కరెంటు కోసేసి ఎనిమిది నెలలు దుమ్ము పట్టిన మిషనుకు ఇంకో ధర. పై లెక్కలో 18కీ 11కీ తేడా ఇదే.

బ్యాంకుకు చెప్పకుండా హైపోథికేషన్‌లో (మీ చేతిలోనే ఉంటూ బ్యాంకుకు తాకట్టులో) ఉన్న మిషను అమ్మేస్తే, 25 లక్షలు ఆపై అప్పుల్లో ఉద్దేశపూర్వక ఎగవేతదారు ముద్ర పడే దారి తెరుచుకుంటుంది. డ్రాయింగ్ పవర్ (సరుకును బట్టి సీసీ ఖాతాలో తీసుకోగల మొత్తం) నిలుపుకోవడానికి స్టాక్ స్టేట్‌మెంట్‌లో లేని సరుకు చూపించడం కూడా అంతే. నష్టపోయిన వ్యాపారికీ మోసం చేసిన వ్యాపారికీ మధ్య తేడాను తర్వాత నిర్ణయించేది ఆ స్టేట్‌మెంట్లే.

ఏ తలుపు గుండా

సొంత పేరుతో, అంటే ప్రొప్రైటర్‌గా నడిపేవాళ్లకు 2016 దివాలా కోడులో ఇంకా చోటు లేదు. వ్యక్తుల భాగంలో 2019 డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చింది కంపెనీ అప్పులకు పూచీపడినవాళ్ల వరకే. మిగతావాళ్లకు ఐపీ పెట్టాలంటే చెన్నైలో హైకోర్టు ఒరిజినల్ పరిధి లోపల 1909 నాటి ప్రెసిడెన్సీ టౌన్స్ చట్టం, బయట 1920 నాటి ప్రొవిన్షియల్ చట్టం. 500 రూపాయల అప్పుంటే చాలు, పిటిషను వేయవచ్చు. దివాలాదారుగా ప్రకటించగానే ఆస్తి అంతా అఫీషియల్ అసైనీ అనే అధికారి చేతికి పోతుంది. 1909 చట్టం దివాలాదారుకు మిగిల్చేది పనిముట్లు, బట్టలు, వంటపాత్రలు అన్నీ కలిపి 300 రూపాయల విలువ. 1909లో అది ఒక సంసారమే అయివుండవచ్చు! తాకట్టు ఉన్న బ్యాంకును ఇది ఆపదు, ప్రభుత్వ బాకీని డిశ్చార్జి (దివాలా నుంచి కోర్టు ఇచ్చే విముక్తి) రద్దు చేయదు, డిశ్చార్జి దొరికేదాకా కంపెనీ డైరెక్టరు కాలేరు. ఐపీ పెట్టాడంటే ఎగ్గొట్టాడని ఊరు అనుకుంటుంది గానీ, నిజంగా ఐపీ పెట్టినవాడు చాలా పెద్ద ధర కడతాడు. అందుకే ప్రొప్రైటర్లకు ఆచరణలో మిగిలేది బ్యాంకుతో ఒకేసారి పరిష్కారం, సప్లయర్లతో రాతపూర్వక ఒప్పందాలు.

కొత్త కోడులో పేదవాళ్ల కోసం "ఫ్రెష్ స్టార్ట్" అని ఒక అధ్యాయం రాశారు. ఏడాది ఆదాయం 60,000 మించకూడదు, ఆస్తి 20,000 మించకూడదు, అప్పు 35,000 మించకూడదు, సొంత ఇల్లు ఉండకూడదు. ఆ అంకెలతో చెన్నైలో టీ బండి వాడికి కూడా అర్హత రాదు, పైగా దాన్ని అమల్లోకే తేలేదు. పెద్ద కంపెనీల అప్పుల్లో సగానికి పైగా కోత పడితే పరిష్కారం అనే చట్టం, ఒక లేత్ షెడ్డు యజమానికి 300 రూపాయల వంటపాత్రలు వదిలిపెడుతోంది. ఈ తేడాను ఎవరూ సమర్థించలేరని నేననుకుంటాను.

భాగస్వామ్య సంస్థల్లో జరిగే పొరపాటు ఒకటే చెప్పి వదిలేస్తాను. విడిపోయామని మనలో మనం పత్రం రాసుకుంటే సరిపోదు. పబ్లిక్ నోటీసు, అంటే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలపడం, గెజిట్‌లోనూ ఒక స్థానిక భాషా పత్రికలోనూ ప్రకటించడం జరిగేదాకా, ఒక భాగస్వామి చేసే అప్పులకు మిగతావాళ్లూ బాధ్యులే.

ప్రైవేట్ లిమిటెడ్‌కు మాత్రం తలుపులు చాలా ఉన్నాయి. ఎక్కువమందికి సరిపోయేది ఎస్‌టీకే-2, అంటే రిజిస్టరు నుంచి పేరు కొట్టివేయించుకోవడం. రుసుము 10,000 రూపాయలు, 2023 మే నుంచి ఈ అర్జీలు దేశమంతటికీ సీ-పేస్ అనే ఒకే కేంద్రానికి వెళ్తున్నాయి. వరుసగా రెండు ఆర్థిక సంవత్సరాలు వ్యాపారం లేకపోవాలి. అప్పులన్నీ తీరిపోవాలి. 75 శాతం వాటాదారుల సమ్మతి, డైరెక్టర్ల నష్టపరిహార బాండు, అఫిడవిట్, 30 రోజుల్లోపు తేదీతో సీఏ ధ్రువీకరించిన ఆస్తి అప్పుల పట్టిక జతచేయాలి. అభ్యంతరాలకు 30 రోజుల నోటీసు ఇస్తారు.

వినడానికి తేలికే. ఆగిపోయేది ఎక్కడంటే, మొదటిది ఛార్జి, అంటే కంపెనీ ఆస్తి మీద నమోదైన బ్యాంకు హక్కు. అప్పు తీరినా, అది తీరినట్టు చెప్పే సీహెచ్‌జీ-4 ఫారం దాఖలు చేయకపోతే రిజిస్టరులో బ్యాంకు హక్కు అలాగే కనబడుతుంది, అర్జీ తీసుకోరు. ఎప్పుడో తీరిపోయిన కంపెనీ కారు లోను కూడా ఇలా అడ్డం పడుతుంది. రెండోది దాఖలు చేయని పాత రిటర్న్‌లు. వ్యాపారం ఆగిన ఏడాది వరకు లెక్కలూ వార్షిక రిటర్నూ వేసి తీరాలి. రెండు ఫారాలకు రోజుకు 200 అంటే ఏడాదికి 73,000. మూడేళ్ల వాటిని ఒక్కసారి వేయబోతే మొదటి ఏడాదివి 2.19 లక్షలు, రెండోవి 1.46, మూడోవి 0.73, ఉజ్జాయింపుగా 4.38 లక్షలు. వరుసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లపై ఐదేళ్ల అనర్హత కూడా. 2017లో ఇలా మూడు లక్షల మందికి పైగా డైరెక్టర్లు ఒక్కసారిగా అనర్హులయ్యారు. అప్పుడప్పుడు కేంద్రం రుసుము మాఫీ పథకాలు పెడుతుంది, 2018లోనూ 2020లోనూ పెట్టింది. దాన్ని నమ్ముకుని కూర్చోవడం పద్ధతి కాదు. మూడోది ఆడిటరు. మూడేళ్ల ఫీజు బాకీ ఉన్న ఆడిటరు సంతకం పెట్టడు. ఆయన తప్పేమీ లేదు. అందుకే మూసివేత ఖర్చులో ఆడిటరు ఫీజును ముందుగానే పక్కన పెట్టాలి.

జీఎస్టీ రద్దుకు ఆర్ఈజీ-16 ఫారం, ఆ తర్వాత మూడు నెలల్లో ఆఖరి రిటర్న్ జీఎస్‌టీఆర్-10. చేతిలో మిగిలిన సరుకు, మిషన్ల మీద గతంలో తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీకి పొందిన తగ్గింపు) వెనక్కి కట్టాలన్నది చాలామందిని చివర్లో దెబ్బతీసే అంశం. 20 లక్షల మిషను మీద 3.6 లక్షల క్రెడిట్ తీసుకుని, రెండేళ్ల తర్వాత 9 లక్షలకు అమ్మారనుకోండి. మూడు నెలలకు 5 శాతం చొప్పున ఎనిమిది త్రైమాసికాలకు 40 శాతం తీసేస్తే 2.16 లక్షలు మిగులుతుంది. అమ్మిన ధర మీద 18 శాతం 1.62 లక్షలు. రెండింటిలో ఎక్కువది, 2.16 కట్టాలి. ఐదేళ్లు దాటిన మిషనుకు ఈ బాధ లేదు, అమ్మిన ధర మీద పన్నే. మిషను అమ్మిన డబ్బంతా బ్యాంకుకు జమచేసి, ఈ 2.16 లక్షల్ని మరిచిపోయిన కేసులు కొల్లలు. ఆ బాకీ 89వ సెక్షను దారిలో డైరెక్టరు ఇంటికి వస్తుంది.

అప్పుల కంటే ఆస్తి ఎక్కువున్న కంపెనీకి దివాలా కోడు 59వ సెక్షను స్వచ్ఛంద లిక్విడేషన్ బాగుంటుంది. మెజారిటీ డైరెక్టర్ల అఫిడవిట్, నాలుగు వారాల్లో ప్రత్యేక తీర్మానం, అప్పులుంటే విలువలో మూడింట రెండొంతుల రుణదాతల ఆమోదం, పత్రికా ప్రకటన, క్లెయిములకు 30 రోజులు. విదేశీ పెట్టుబడి ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఇదే శుభ్రమైన దారి.

అప్పులు తీరని కంపెనీకి అదే కోడులో 10వ సెక్షను ఉంది, కంపెనీ తానే దివాలా కోరుతూ రాజాజీ సాలైలోని ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీ లా ట్రిబ్యునల్‌కు) వెళ్లడం. వాటాదారుల ప్రత్యేక తీర్మానం, 25,000 రుసుము, కానీ ఎగవేత కనీసం కోటి రూపాయలు ఉండాలి. 2020 మార్చి దాకా ఆ హద్దు లక్షే. క్లెయిములు 50 కోట్ల లోపున్న కేసుల్లో కూడా దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు 2022 అక్టోబరు నుంచి కనీస ఫీజు నెలకు లక్ష. ఆర్నెల్లకు 6 లక్షలు, ప్రకటనలు, వాల్యుయేషన్ ఖర్చు వేరే. 23 లక్షల ఆస్తి ఉన్న కంపెనీలో ఇంకేం మిగులుతుంది? 2021 ఏప్రిల్‌లో చిన్న సంస్థల కోసమని 10 లక్షల ఎగవేతకే వర్తించే ప్రీప్యాక్ (రుణదాతలతో ముందే ఒప్పందం కుదుర్చుకుని ట్రిబ్యునల్‌కు వెళ్లే పద్ధతి) తెచ్చారు. యాజమాన్యం చేతిలోనే ఉంటుంది, 120 రోజుల్లో తేలాలి. మంచి ఆలోచనే. కానీ సంబంధం లేని ఆర్థిక రుణదాతల్లో విలువ ప్రకారం మెజారిటీ ముందే ఒప్పుకోవాలి. ఒకే బ్యాంకు ఉన్న చిన్న యూనిట్‌లో ఆ బ్యాంకు ఒప్పుకుంటే అసలు ట్రిబ్యునల్ ఎందుకు, శాఖలోనే పరిష్కరించుకోవచ్చు కదా. దీన్ని వాడుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టే అంతమందే కావడంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి కోటి లోపు అప్పున్న, అప్పులు తీర్చలేని చిన్న ప్రైవేట్ లిమిటెడ్‌కు నేరుగా సరిపోయే తేలికైన తలుపు ఆచరణలో లేదు. ఎస్‌టీకే-2కి అప్పు ఉండకూడదు, 10వ సెక్షనుకు అప్పు చాలదు. మధ్యలో ఉన్నవాళ్లు చేయగలిగింది, ముందు రుణదాతలతో ఒక్కొక్కరితో తేల్చుకుని అప్పును సున్నా చేసి, ఆ తర్వాత పేరు కొట్టివేయించుకోవడం. ఇది చేతిలో డబ్బున్నప్పుడే అవుతుంది. లోటు 6.5 లక్షలున్న కంపెనీ చేయగలదు, 59.5 ఉన్నది చేయలేదు.

పనివాళ్లతో తేల్చుకోవడాన్ని కాగితం మీద చేయండి. ఏడాది సర్వీసుకు 15 రోజుల సగటు వేతనం చొప్పున మూసివేత పరిహారం, ఐదేళ్లు దాటినవాళ్లకు గ్రాట్యుటీ, నోటీసు కాలపు జీతం, సెలవుల డబ్బు, ఒక్కొక్కరికీ విడివిడి లెక్క, బ్యాంకు ద్వారా చెల్లింపు. పీఎఫ్ పోర్టల్‌లో ప్రతి ఒక్కరికీ ఉద్యోగం వదిలిన తేదీ నమోదు చేయకపోతే వాళ్ల పీఎఫ్ ఆగుతుంది, మీ పాత కంపెనీ డిజిటల్ సంతకం గడువు అప్పటికి తీరిపోయి ఉంటుంది. ఇది చేతిలో పని, షెడ్డు ఖాళీ చేయకముందే చేసేయవచ్చు.

బ్యాంకుతో పరిష్కారం కుదిరాక కట్టేసి రసీదు తీసుకుంటే పని అయిపోదు. అప్పు పూర్తిగా తీరినట్టు ఉత్తరం, గ్యారంటీ ఇచ్చిన ప్రతి ఒక్కరి పేరు రాసిన విడుదల పత్రం, సెక్యూరిటీగా ఇచ్చిన చెక్కులు వాపసు, సీహెచ్‌జీ-4. ఇంటి దస్తావేజులు పెట్టివుంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంఓడీ (దస్తావేజులు తాకట్టు పెట్టిన పత్రం) రద్దు రసీదును బ్యాంకు వాళ్లతో కలిసి రిజిస్టరు చేయించాలి, లేకపోతే ఇంకో పదేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయినప్పుడు ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) పాత బ్యాంకు పేరు కనబడుతుంది. జీఎస్టీ పుస్తకాలు వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలలు, కంపెనీ లెక్కలు ఎనిమిదేళ్లు దాచాలి. పేరు కొట్టివేసినా డైరెక్టర్ల బాధ్యత కొనసాగుతుంది, నష్టపోయానంటూ రుణదాత 20 ఏళ్ల లోపు ట్రిబ్యునల్‌కు వెళ్లి కంపెనీని మళ్లీ రిజిస్టరులోకి తెప్పించవచ్చు. అప్పుడు అడిగేది ఈ కాగితాలే కాబట్టి, వాటిని ఖాళీ చేసిన షెడ్డులోనో ఆడిటరు ఆఫీసులోనో వదిలేయకుండా స్కాన్ చేసి ఒక నకలు ఇంట్లో, ఒకటి గ్యారంటీ సంతకం చేసినవాళ్ల దగ్గర ఉంచండి.